పాత బండి కార్బురేటర్: బాగుచేయాలా, మార్చాలా?

మా నాన్న 1992లో కొన్న ఆర్‌ఎక్స్ 100 కిందటేడు వానాకాలం వెళ్లాక స్లోలో నిలబడటం మానేసింది. చోక్ లాగి కిక్ కొడితే మొదటి దెబ్బకే అందుకునేది. వేడెక్కాక సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ వదిలితే మాత్రం రెండు మూడు సార్లు ఊగిసలాడి ఆగిపోయేది. అందరి అనుమానమూ పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజిన్‌కి అందించే కార్బురేటర్ మీదే, కానీ అడిగిన ప్రతి మనిషీ ఒక్కో దారి చెప్పాడు. కిట్ (గ్యాస్కెట్లు, ఓ రింగులు, జెట్లు ఉండే పొట్లం) వేయించు, సరిపోతుంది అన్నారు ఒకరు. దాని పని అయిపోయింది, కొత్త కార్బురేటర్ పెట్టు అన్నారు ఇంకొకరు. ఆన్‌లైన్‌లో సగం ధరకే వస్తోంది కదా అని మరొకరు. మా వీధి కుర్రాడేమో పీడబ్ల్యూకే (ఇంకా పెద్ద సైజు కార్బురేటర్) వేసెయ్ అన్నా, బండి ఎగురుతుంది అన్నాడు.

నాలుగూ తప్పు మాటలు కావు. ఏ మాట ఏ బండికి పనికొస్తుందన్నదే చిక్కు. మా ఆర్‌ఎక్స్ వీఎం 20 (జపాన్ మికునీ రకం, గొట్టం 20 మిల్లీమీటర్లు), మా మేనమామ 1994 బుల్లెట్ మీది వీఎం 24, ఒక స్నేహితుడి పాత బుల్లెట్ మీది ఇంగ్లండ్ రకం అమాల్, ఇవన్నీ నా చేత్తో విప్పి బిగించాక నాకు తేలింది ఒక్కటే: కార్బురేటర్ ఎంత మురికి పట్టిందన్నది చూసి నిర్ణయం తీసుకోకూడదు, ఎంత అరిగిందన్నది చూసి తీసుకోవాలి. బయట నల్లగా, లోపల పచ్చటి జిగురు పట్టి చూడ్డానికి అసహ్యంగా ఉన్నదే చాలాసార్లు గట్టి సరుకు. తళతళ మెరిసేలా పాలిష్ పట్టించినది లోపల వదులై ఉండొచ్చు. మురికి ఎలాగైనా పోతుంది. అరిగిన లోహం తిరిగి రాదు.

విప్పకముందు అరగంట

పుండొక చోట ఉంటే మందొక చోట రాసినట్టు, కార్బురేటర్ మీద పడే నిందల్లో చాలావాటికి కారణం ఇంకెక్కడో ఉంటుంది. కిట్ కొనకముందే ఇవి చూడండి.

ట్యాంకు మూతకు గాలి రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే కొంతదూరం వెళ్లాక పెట్రోల్ దిగడం ఆగిపోయి బండి ఆగుతుంది. మూత తీసి పెడితే మళ్లీ నడుస్తుంది. తప్పు కార్బురేటర్‌ది కాదు. ట్యాంకులో తుప్పు ఉంటే ఎన్నిసార్లు కార్బురేటర్ కడిగినా నెలకోసారి మళ్లీ మొదటికొస్తుంది. పెట్రోల్ కాక్ లోపలి జాలీ చిరిగిందేమో చూడాలి. ఎయిర్ ఫిల్టర్ స్పాంజి పాతబడితే పొడిపొడిగా రాలి లోపలికే పోతుంది. బుల్లెట్ అయితే ప్లగ్‌కి నిప్పు అందించే పాయింట్లు, దాని టైమింగ్ సరిచూడకుండా కార్బురేటర్ జోలికి వెళ్లడం దండగ.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది గాలి లాగడం. కార్బురేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే రబ్బరు జాయింటు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి బీటలు తీస్తుంది. బండి స్లోలో నడుస్తుండగా ఆ జాయింటు చుట్టూ సబ్బునీళ్లు పిచికారీ చేయండి. ఇంజిన్ చప్పుడు ఒక్కసారి మారిందంటే అక్కడ గాలి పోతున్నట్టే. టూ స్ట్రోక్ బండికి ఇంకో దారి కూడా ఉంది, క్రాంకు ఆయిల్ సీళ్లు. ఆర్‌ఎక్స్‌లో మాగ్నెట్ వైపు సీలు పోతే గాలి లాగి బండి దానంతటదే రేజ్ అవుతుంది. క్లచ్ వైపుది పోతే గేర్ ఆయిల్ లోపలికి వెళ్లి తెల్లపొగ వదులుతుంది. ఈ స్థితిలో కొత్త జపాన్ కార్బురేటర్ బిగించినా మార్పుండదు.

మా బండికి ఈ పరీక్షలో జాయింటు దొరికిపోయింది. పైనుంచి చూస్తే నున్నగానే ఉంది. ఊడదీసి బొటనవేళ్లతో వంచితే అడుగువైపు, మామూలుగా కంటికి కనబడని చోట, గోరు దిగేంత చీలిక. సగం జబ్బు అదే. మిగతా సగం గురించి తరవాత చెబుతాను.

బాడీ చేతిలోకి తీసుకుని ఏం చూడాలి

ఇక్కడ తొందరపడకండి. మీ ఖర్చు వందల్లో తేలుతుందా వేలల్లో పడుతుందా అన్నది ఈ పది నిమిషాల్లోనే తెలుస్తుంది.

మొదట స్లైడ్. మన మెకానిక్‌లు పిస్టన్ అని కూడా అంటారు, యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచే గుండ్రటి ముక్క. స్ప్రింగు లేకుండా దాన్ని బాడీలోకి దింపి, పావు వంతు పైకెత్తి, ఇంజిన్ వైపుకీ ఫిల్టర్ వైపుకీ వేలితో ఊపి చూడండి. కొత్తదానిలో కదలిక ఉందా లేదా అన్నట్టుంటుంది. అరిగినదానిలో టకటకమని చప్పుడు వినబడుతుంది. తరవాత స్లైడ్ తీసి కిటికీ వెలుగులో తిప్పండి. ఇంజిన్ పీల్చే ప్రతిసారీ స్లైడ్‌ని తనవైపుకి లాక్కుంటుంది కాబట్టి అరుగుదల ముందుగా ఇంజిన్ వైపు ముఖం మీద కనబడుతుంది. అక్కడ పైనుంచి కిందికి మెరిసే పట్టీ ఉంటుంది. అది సన్నగా, నున్నగా ఉంటే ఇంకా బతుకుంది. వెడల్పై, గోటికి మెట్టు తగులుతుంటే ఆ పక్కనుంచి గాలి దూరుతోందని అర్థం. ఇలాంటి బండి స్లో స్పీడ్ ఒకసారి సెట్ చేస్తే మర్నాడు ఉండదు. స్క్రూ తిప్పుతూనే ఉండాలి.

స్లైడ్ ఒక్కటే అరిగితే కొత్త స్లైడ్ వేస్తే సరిపోవచ్చు. బాడీ గొట్టం కూడా కోడిగుడ్డులా సాగి ఉంటే కొత్త స్లైడ్ వేసినా వదులుగానే ఉంటుంది. తెలుసుకోవడం తేలిక: అదే మోడల్ మంచి స్లైడ్ ఒకటి అరువు తెచ్చి ఈ బాడీలో ఊపి చూడటమే. మీ ఊళ్లో ఇంకో ఆర్‌ఎక్స్ ఉన్న స్నేహితుడు ఉంటే అరగంట పని.

తరవాత మరలు. ఎయిర్ స్క్రూ, ఐడిల్ స్క్రూ, అడుగున పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నె బిగించే స్క్రూలు, పెట్రోల్ నాజిల్. ఎవరో ఎప్పుడో అడ్డంగా ఎక్కించి బిగిస్తే పైలట్ జెట్ (స్లోలో పెట్రోల్ వదిలే సన్న రంధ్రపు ఇత్తడి ముక్క) మరే పోయి ఉంటుంది. గిన్నె మర పోతే లేత్ పనివాడు సరిచేయగలడు. పైలట్ జెట్ కూర్చునే మర పోతే ఆ బాడీ మీద ఆశ వదులుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఆపై ఫ్లాంజి, అంటే ఇంజిన్‌కి ఆనించి బిగించే చదును అంచు. బుల్లెట్‌లా రెండు నట్లతో బిగించే రకాల్లో, కారుతోందని ఇంకా ఇంకా బిగించి బిగించి ఫ్లాంజిని విల్లులా వంచేస్తారు. గాజు పలక మీద పెట్టి చూస్తే మధ్యలో వెలుగు కనబడుతుంది. కొంచెమే అయితే గాజు మీద సన్న ఎమరీ కాగితం పరిచి, ఎనిమిది అంకె వేస్తున్నట్టు రుద్దితే చదునవుతుంది. ఎక్కువగా వంగితే గొట్టమూ వంగి ఉంటుంది, స్లైడ్ పట్టేస్తుంది.

చివరగా నీడిల్ జెట్. మధ్యలో దూరే సూది ఏళ్ల తరబడి కొట్టుకుని దాని రంధ్రాన్ని సాగదీస్తుంది. భూతద్దంలో చూస్తే గుండ్రం పోయి కనబడుతుంది. పావు వంతు నుంచి ముప్పావు వంతు యాక్సిలరేటర్ వరకు పెట్రోల్ లెక్క చూసేది ఈ జంటే. అందుకే మైలేజీ పడిపోయి, మధ్య స్పీడులో బొబొబొమని బరువుగా నడిచే బండిలో ముందు అనుమానించాల్సింది దీన్నే. సూదీ జెట్టూ రెండూ కలిపి మార్చాలి. ఒకటి మారిస్తే రెండోది కొత్తదాన్ని పాడుచేస్తుంది.

బాడీ బాగుంటే: ఉన్నదాన్నే బాగుచేయండి

నేను గట్టిగా చెప్పేది ఇదే. బాడీ, స్లైడ్ బాగున్న పాత మికునీని, చెన్నైలో యూకాల్ వాళ్లు మికునీతో కలిసి చేసిన మిక్‌కార్బ్‌ని, మార్చకండి. ఆ బండి ఇంజిన్‌కీ సైలెన్సర్‌కీ ఫిల్టర్ డబ్బాకీ సరిపోయేలా జెట్లు, స్లైడ్ కోత, సూది సన్నదనం కంపెనీ వాళ్లు లెక్కకట్టి పెట్టినవి. కొత్తది ఏది తెచ్చినా ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి మీరే కట్టుకోవాలి.

కడగడంలో రెండు దారులున్నాయి. చేత్తో కడగడం ఒకటి, అల్ట్రాసోనిక్ ఇంకొకటి. ఏడాది రెండేళ్లుగా నడుస్తూనే ఉన్న బండికి చేతిపని చాలు. కార్బ్ క్లీనర్ స్ప్రే సన్నగొట్టాన్ని పైలట్ జెట్ రంధ్రంలో పెట్టి నొక్కినప్పుడు, గొట్టం అడుగున స్లైడ్ దగ్గరుండే చిన్న చిన్న కన్నాల్లోంచీ ఎయిర్ స్క్రూ రంధ్రంలోంచీ దారంలా చిమ్మాలి. ఒక్కో కన్నాన్నీ వేలితో మూసి మిగతావి చూడండి. ఏ ఒక్కటి చిమ్మకపోయినా పని పూర్తి కానట్టే. కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయొద్దు, స్ప్రే ఎటు నుంచి వచ్చి కంట్లో పడుతుందో తెలియదు.

ఐదారేళ్లు షెడ్డులో పడి ఉన్న బండికి పెట్రోల్ ఎండి లక్కలా మారి ఉంటుంది. దానికి అల్ట్రాసోనిక్ పెట్టించడమే మేలు. సాధారణంగా 40 కిలోహెర్ట్జ్ మిషన్, సుమారు 60 డిగ్రీల వేడినీళ్లు, కార్బురేటర్‌కి పనికొచ్చే సబ్బు ద్రావణం, పది పదిహేను నిమిషాలు. ఇక్కడ ఒక్క హెచ్చరిక. ఇత్తడి చెంబులు తోమినట్టు చింతపండు పులుసులోనో నిమ్మఉప్పు నీళ్లలోనో ఉడకబెట్టేవాళ్లున్నారు. ఇత్తడి జెట్లు మెరుస్తాయి నిజమే. కానీ బాడీ అల్యూమినియమో జింకు మిశ్రమమో కదా, పులుపు దాన్ని తినేస్తుంది. బయటకు తీశాక బూడిదరంగు తిరిగి, చేత్తో తుడిస్తే పొడి రాలుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి తెల్లటి పొడి పట్టిన బాడీల మీద ఇంకా జాగ్రత్త, అవి ముందే సగం తిని ఉంటాయి.

ఇక కిట్. కిట్ అంటే అన్నీ మార్చేయడం అనుకుంటారు. చవక కిట్‌లో వచ్చే ఇత్తడి సామాను మీద నాకు నమ్మకం లేదు. జెట్ మీద 90 అని కొట్టి ఉన్నా రంధ్రం అంతే ఉంటుందన్న హామీ లేదు. నేను కిట్ కొన్నా అందులోంచి వాడేది గ్యాస్కెట్టూ ఓ రింగులే. పెట్రోల్ ఆపే ఫ్లోట్ నీడిల్ కొన మీద గీత పడి ఉంటే అదీ, దాని సీటూ కలిపి మంచి కంపెనీవి విడిగా కొంటాను. మెయిన్ జెట్ (పూర్తి యాక్సిలరేటర్‌లో పెట్రోల్ వదిలేది), పైలట్ జెట్ పాతవే శుభ్రం చేసి పెట్టుకుంటాను. కంపెనీ గుర్తు కొట్టి ఉన్న పాత జెట్, ఏ గుర్తూ లేని కొత్త జెట్ కన్నా నయం.

కానీ ఆ పాత జెట్‌ని ఎవరూ పొడిచి ఉండకూడదు. మా బండి జబ్బులో రెండో సగం అదే. కొన్నేళ్ల కిందట ఒక షాపులో పైలట్ జెట్ మూసుకుపోయిందని గుండుసూదితో గట్టిగా పొడిచారు. అప్పుడు నేను పక్కనే నిలబడి చూస్తూ ఊరుకున్నాను, అందులో తప్పుందని నాకప్పటికి తెలియదు. ఇన్నేళ్ల తరవాత ఆ జెట్‌నీ కొత్త జెట్‌నీ పక్కపక్కన కిటికీకి ఎదురుగా పట్టుకుని చూశాను. కొత్తదానిలో చుక్కంత గుండ్రటి వెలుగు. పాతదానిలో ఒక పక్కకి లాగిన కన్నీటి బొట్టు ఆకారం. ఇత్తడి మెత్తన, ఉక్కు సూది దాన్ని ఇట్టే కోసేస్తుంది. జెట్ మూసుకుపోతే కార్బ్ క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టి గాలి కొట్టండి. అప్పటికీ రాకపోతే వైరులోంచి తీసిన ఒక్క సన్నటి రాగి పోగు, అదీ తిప్పకుండా, నెమ్మదిగా.

బిగించేటప్పుడు ఫ్లోట్ (గిన్నెలో పెట్రోల్ మీద తేలే బుడ్డి) ఎత్తు మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్నంత పెట్టండి, కంటి అంచనాతో వద్దు. గిన్నెలో పెట్రోల్ మట్టం తప్పితే ఏ జెట్ వేసినా ట్యూనింగ్ కుదరదు. గ్యాస్కెట్ బదులు సిగరెట్ పెట్టె అట్టని కత్తిరించి పెట్టడం, గిన్నె చుట్టూ ఎమ్‌సీల్ పూయడం మన దగ్గర చాలా చూశాను. ఎమ్‌సీల్ ముక్క ఒకటి లోపల రాలితే మళ్లీ మొత్తం విప్పాలి.

చివరి స్క్రూ దగ్గర చాలామంది తికమక పడతారు. స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ. విప్పేకొద్దీ గాలి పెరిగి మిశ్రమం పలచబడుతుంది. ఆర్‌ఎక్స్ వీఎం 20, పాత బుల్లెట్ మిక్‌కార్బ్ ఈ రకమే. స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే అది పెట్రోల్ స్క్రూ, విప్పేకొద్దీ చిక్కబడుతుంది. ఏదైనా మెల్లగా పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్టు విప్పి మొదలుపెట్టి, వేడి ఇంజిన్ మీద ఎక్కడ చక్కగా తిరిగితే అక్కడ ఆపండి.

బాడీ పోతే: అసలు కంపెనీ కొత్తది

మేనమామ బుల్లెట్‌ది ఈ కథ. బాడీ గొట్టం సాగింది, అరువు తెచ్చిన స్లైడ్ కూడా టకటకలాడింది. రెండు కిట్లకీ మూడు ట్యూనింగులకీ ఆయన అప్పటికే పెట్టిన డబ్బు కొత్తదాని ఖర్చులో మంచి భాగమే. ఇలాంటప్పుడు కొత్త మికునీయో మిక్‌కార్బో కొనడమే పొదుపు.

కొనేటప్పుడు సైజు ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి. వీఎం 24 అని అడిగితే వీఎం 24 ఇస్తారు, లోపలి జెట్లు ఇంకో ఇంజిన్ కోసం పెట్టినవై ఉండొచ్చు. ఆ బుల్లెట్ 350 మీద ఉన్నవి 90 మెయిన్, 25 పైలట్. కొత్తదానిలో ఉన్నవి వేరు. పాతదాన్ని విప్పి జెట్ల అంకెలు, సూది మీది అంకె, స్లైడ్ కోత అంకె, క్లిప్పు ఏ గాడిలో ఉందో కాగితం మీద రాసి పెట్టుకున్నాం కాబట్టి అవే కొత్తదానికి మార్చాం. రాసుకోకుండా పాతది పాత సామాను కొట్టుకి ఇచ్చేస్తే ఆ అంకెలు మళ్లీ దొరకవు. ఫ్లాంజి రకమా గొట్టం రకమా, చోక్ లీవర్ ఎటు వైపు, కేబుల్ పొడవు, ఇవి కూడా కొట్టుకి వెళ్లేముందే చూసుకోండి. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో అయినా సికింద్రాబాద్ రాణీగంజ్‌లో అయినా పాత కార్బురేటర్ సంచిలో వేసుకుని వెళ్లండి. పేరు చెబితే దొరకని సామాను ముక్క చూపిస్తే దొరుకుతుంది.

బాడీకి స్లీవ్ వేయించడం మూడో దారి. గొట్టాన్ని పెద్దది చేసి, కొత్త లోహపు తొడుగు దింపి, స్లైడ్‌కి సరిగ్గా సరిపోయేలా నూరుతారు. బాగా చేసేవాళ్లు చేస్తే కొత్తదాని కన్నా ఎక్కువ కాలం వస్తుంది. అయితే మామూలు లేత్ షాపు పని కాదిది. కొత్తది దొరకని అరుదైన కార్బురేటర్‌కే ఈ శ్రమ పెట్టండి.

పేరులేని నకలు

దీని గురించి ఎక్కువ చెప్పను. బయటికి అచ్చం మికునీలాగే ఉంటుంది. స్లైడ్ బిగుతు, మరల నాణ్యం, జెట్ల కొలత ఏ రెండూ ఒకలా ఉండవు. బండి నడుస్తుందా లేదా చూసుకోడానికి, అసలుది వచ్చేదాకా నాలుగు రోజులు నెట్టుకురాడానికి పనికొస్తుంది. టూ స్ట్రోక్ బండికి దాన్ని శాశ్వతంగా పెట్టొద్దు. మెయిన్ జెట్ అంకెకన్నా చిన్నదైతే హైవే మీద పలచటి మిశ్రమంతో పిస్టన్ పట్టేస్తుంది. అప్పుడు మిగిల్చిన డబ్బుకి ఎన్నో రెట్లు సిలిండర్ మళ్లీ కోయించే రీబోరుకి పోతుంది.

పెద్ద కార్బురేటర్ మోజు

ఆర్‌ఎక్స్ వాళ్లలో ఇది బాగా ఉంది. కంపెనీ ఇచ్చింది 20 మిల్లీమీటర్లు, దాన్ని తీసి 24, 28 పీడబ్ల్యూకేలు పెడతారు. అది చదును స్లైడ్ కార్బురేటర్, యాక్సిలరేటర్‌కి చురుగ్గా స్పందిస్తుంది, అందులో అబద్ధం లేదు. పోర్టింగ్ (సిలిండర్ గాలి దారులు పెద్దవి చేయడం) చేయించి, సైలెన్సర్ మార్చి, రేసుకో ట్రాకుకో వాడే బండికి అది సరైనదే. మీది కంపెనీ ఇచ్చినట్టే ఉన్న 98 సీసీ ఇంజిన్ అయితే 28 చాలా పెద్దది. గొట్టం వెడల్పయ్యేకొద్దీ అందులో గాలి వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే పెట్రోల్‌ని సరిగా పైకి లాగలేదు, సన్న తుంపరగా చేయలేదు. సిగ్నల్ దగ్గర నుంచి లేచేటప్పుడు బండి ఒక్క క్షణం ముక్కుతుంది. ఊళ్లో రోజూ తిరిగేది ఆ కింది స్పీడుల్లోనే కదా.

ఇంకో మాట, దీన్ని అమ్మేవాళ్లు చెప్పరు. ఆర్‌ఎక్స్‌లో ఆయిల్ పంపు యాక్సిలరేటర్ కేబుల్‌తోనే కదులుతుంది. ఒకే కేబుల్ రెండుగా చీలి, ఒకటి స్లైడ్‌కీ ఇంకొకటి పంపుకీ వెళుతుంది. స్లైడ్ ఎత్తు వేరే ఉన్న కార్బురేటర్ పెట్టినప్పుడు పంపు గుర్తు మళ్లీ సరిచేయకపోతే, యాక్సిలరేటర్ ఎంత తెరిచినా ఆయిల్ తక్కువ పడొచ్చు. చాలామంది పంపు తీసేసి పెట్రోల్లోనే ఆయిల్ కలుపుతారు. మీ బండికి పంపు ఉంటే మాత్రం కేబుల్ సర్దుబాటు అయ్యాకే కిక్ కొట్టండి.

అమాల్ వాళ్లకు, జికావ్ వాళ్లకు

పాత బుల్లెట్ల మీది అమాల్ మోనోబ్లాక్ వేరే జాతి. అమాల్ అన్న పేరు 1927లో బర్మింగ్‌హామ్‌లో మూడు కార్బురేటర్ కంపెనీలు కలిసినప్పుడు పుట్టింది. దీనికి చోక్ లాగడం కన్నా పక్కనున్న బటన్ నొక్కి పెట్రోల్ కాస్త కారేదాకా ఆగి కిక్ కొట్టడం అలవాటు. బాడీ జింకు మిశ్రమం, మెత్తన. అందుకే త్వరగా అరుగుతుంది, ఫ్లాంజి త్వరగా వంగుతుంది. మిక్‌కార్బ్ పెడితే బండి నెమ్మదిగా, నమ్మకంగా నడుస్తుంది, సామాను తేలిగ్గా దొరుకుతుంది. రోజూ నడిపే బండైతే నేను మిక్‌కార్బే పెడతాను. కానీ ఆ బండి పుట్టినప్పటి రూపంలోనే ఉండాలనుకుంటే అమాల్‌ని వదులుకోనక్కర్లేదు. ఇంగ్లండ్‌లో అమాల్ కార్బురేటర్లు, సామాన్లు ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. అమెరికాలోనో లండన్‌లోనో మనవాళ్లెవరైనా ఉంటే వచ్చేటప్పుడు సంచిలో ఒక జెట్ బ్లాకు, ఒక ఫ్లోట్ తెప్పించుకోవచ్చు. అరచేతిలో పట్టే సామాను.

మైసూరు ఐడియల్ జావా వాళ్ల జావా, యెజ్డీలకు వచ్చే జికావ్‌ది ఇలాంటి సంగతే. దానికి మంచి సామాను దొరకడం కష్టం కాబట్టి చాలామంది వీఎం 24కి మారిపోయారు. పాత జికావ్ బాగుంటే దాన్నే ఉంచుకోండి. పోతే మికునీకి మారడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఆ బండి రోడ్డు మీద ఉండటమే ముఖ్యం.

రాజ్‌దూత్ 350 ఉన్నవాళ్లకు ఒక్క మాట. దానికి రెండు కార్బురేటర్లు. ఒకటి పోయిందని ఒకటే మార్చకండి, ఒకటే విప్పి కడగకండి. రెండూ కలిసి విప్పి, ఒకే కంపెనీ జెట్లు వేసి, రెండు స్లైడ్‌ల కింద ఒకే మందం డ్రిల్ బిట్లు పెట్టి ఎత్తు సమం చేయాలి. కేబుల్ లాగినప్పుడు రెండు బిట్లూ ఒకేసారి జారి పడాలి. ఒకటి ముందు పడితే ఆ సిలిండర్ ఎక్కువ మోస్తుంది, ముందు అదే పోతుంది.

ఇప్పటి పెట్రోల్

ఇప్పుడు మనం పోయించుకునేది ఆ బండ్లు పుట్టిన నాటి పెట్రోల్ కాదు. 2022 జూన్‌కి దేశంలో పెట్రోల్లో 10 శాతం ఇథనాల్ కలపడం పూర్తయింది. 2023 ఫిబ్రవరిలో ఈ20 అమ్మకం మొదలైంది, 2025కల్లా 20 శాతం మామూలైంది. పాత కార్బురేటర్‌కి దీంతో మూడు ఇబ్బందులు. పాత రబ్బరు ఓ రింగులు ఉబ్బిపోతాయి, ఫ్లోట్ నీడిల్ రబ్బరు కొన మెత్తబడి అతుక్కుంటుంది. ఇథనాల్ గాల్లోని తేమని పీల్చుకుని గిన్నె అడుగున నీళ్లు చేరుస్తుంది. ఇథనాల్లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం పలచబడుతుంది. మామూలు పెట్రోల్ ఒక వంతుకి 14.7 వంతుల గాలి పడితే, ఈ20కి 13.5 దగ్గర పడుతుంది. అదే జెట్‌తో నడిపితే పలచబడ్డ బండే.

కాబట్టి ఓ రింగులు, నీడిల్ కొన వైటాన్‌వి (ఇథనాల్‌కి తట్టుకునే రబ్బరు) అడిగి తీసుకోండి. నేను ఆర్‌ఎక్స్‌కి మెయిన్ జెట్ ఒక్క అంకె పైకి వేశాను, సూది క్లిప్పు ఒక గాడి కిందికి దింపాను. క్లిప్పు కిందికి దింపితే సూది పైకి లేచి చిక్కదనం పెరుగుతుంది. తరవాత ఖాళీ రోడ్డు మీద పూర్తి యాక్సిలరేటర్‌తో కొంతసేపు నడిపి, క్లచ్ పట్టి, అదే క్షణంలో తాళం కట్టేసి, బండి ఆగాక ప్లగ్ తీసి చూశాను. తెల్లగా ఉంటే పలచన, ప్రమాదం. తడిగా నల్లగా ఉంటే చిక్కన. మాది కాఫీ పొడి రంగుకొచ్చింది. పది రోజులకు మించి బండి తీయనప్పుడు పెట్రోల్ కాక్ కట్టేసి, గిన్నెలోది అయిపోయి ఇంజిన్ ఆగేదాకా నడపండి. తరవాతి కడుగుడు చాలా దూరం జరుగుతుంది.

మెకానిక్ దగ్గరకా, మన చేత్తోనా

వీఎం రకం కార్బురేటర్ ఒకటే ఉన్న బండి అయితే ఇంట్లో చేసుకోవచ్చు. నాణ్యమైన స్క్రూడ్రైవర్లు ఉండాలి. జపాన్ స్క్రూల తలలు మామూలు స్టార్ డ్రైవర్‌తో చెడిపోతాయి, సరిగ్గా కూర్చునేది తెచ్చుకోండి. పాత చీర పరిచి, విప్పిన వరసలోనే ముక్కలు పెట్టి, ఫోన్‌తో ఫోటోలు తీసుకుంటే సగం భయం పోతుంది. రాజ్‌దూత్ 350 రెండు కార్బురేటర్లయినా, స్లీవ్ పనైనా, ఇదే పని చేసి చేసి చేయి తిరిగినవాళ్లకి ఇవ్వండి. ఇచ్చేముందు రెండు ప్రశ్నలు అడగండి: మార్చిన పాత జెట్లు తిరిగి ఇస్తారా, ఫ్లోట్ ఎత్తు దేనితో కొలుస్తారు. రెండో ప్రశ్నకి జవాబు కొలబద్ద అయితే బండి అక్కడ వదలండి.

మా ఆర్‌ఎక్స్‌కి చివరికి పట్టింది కొత్త రబ్బరు జాయింటు, మంచి కంపెనీ పైలట్ జెట్టు, ఓ రింగులు, పెట్రోల్ మారినందుకు వేసిన ఆ ఒక్క అంకె పెద్ద మెయిన్ జెట్టు. స్లైడ్ నాన్న కొన్ననాటిదే. బుల్లెట్ మీంచి తీసిన సాగిన వీఎం 24ని నూనె రాసి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాం, లోపల అంకెలు రాసిన కాగితం మడిచి. ఆ గిన్నె, ఆ ఫ్లోట్, ఆ చోక్ ప్లంజరు ఇంకా మంచివే.